వెనక సీటు బరువు

ఫోటోలో ఒక పెద్దాయన గోడ వైపు తిరిగి నిలబడి ఉన్నాడు. ఒంటి మీద చొక్కా లేదు. గోడ మీద నిలువుగా, అడ్డంగా నల్లగీతలు గీసి ఉన్నాయి. ఆ గీతలతో పోల్చి చూస్తే ఆయన కుడి భుజం ఎడమ భుజం కంటే బాగా కిందికి దిగి ఉంది. నడుం దగ్గర కుడి పక్క చర్మం మడతలు పడింది. ఎడమ పక్క బిగుతుగా, నున్నగా ఉంది. తల మాత్రం తిన్నగా ఉంది, కింద ఉన్న ఒంటితో తనకేమీ సంబంధం లేనట్టు.

"ఎవరమ్మా ఈయన?" అని అడిగాను.

ఫిజియోథెరపీ చేసే అమ్మాయి ఫోను నా చేతిలోంచి తీసుకుని తనూ ఒకసారి చూసింది, పొరపాటున ఇంకెవరిదైనా చూపించానా అన్నట్టు.

"మీరే సార్. ఇప్పుడే కదా తీశాను."

"నేను తిన్నగానే నిలబడ్డానమ్మా."

"అందరూ అలాగే అనుకుంటారు సార్. కాలేజీలో మా ఫోటోలు తీసి చూపించేదాకా నేనూ అలాగే అనుకున్నా."

ఆమె నవ్వింది. నాకు నవ్వు రాలేదు. అరవై దాటిన మనిషిని. రోజూ అద్దంలో గడ్డం గీసుకుంటూ ముఖం చూసుకున్నాను గానీ వీపు ఎలా ఉంటుందో ఎప్పుడూ ఆలోచించలేదు. నా వీపును రోజూ చూసిన మనిషి ఒక్కరే. నా భార్య. ఆవిడ పోయి అప్పటికి కొన్ని నెలలు. జ్వరమని ఆసుపత్రిలో చేరి ఇంటికి రాలేదు. నేను పక్కకి ఒరిగి ఉన్నానని ఆవిడ ఎప్పుడూ అనలేదు.

నేను అక్కడికి వెళ్లింది భుజం గురించి కాదు, కాలు గురించి. ఒక ఉదయం బెంజి సర్కిల్ దగ్గర సిగ్నల్ పడితే స్కూటర్ ఆపి కుడి కాలు కింద పెట్టాను. కాలు నేలకి తగిలిన సంగతి నాకు తెలియలేదు. బండితో సహా పక్కకి పడిపోయాను. దెబ్బలేమీ తగల్లేదు. నలుగురు వచ్చి లేపారు. "మెల్లగా బాబాయ్ గారూ, కంగారు పడకండి" అంటూ ఒకాయన బండిని పక్కకి తీసి స్టాండు వేశాడు. పిక్క నిండా తిమ్మిరి. అది కొన్నాళ్లుగా ఉన్నదే, వయసు వల్ల అనుకుని ఊరుకున్నాను.

స్కాన్ చూసిన ఎముకల డాక్టరు, నరం నలుగుతోంది గానీ ఇప్పుడే ఆపరేషన్ అక్కర్లేదన్నారు. ముందు ఫిజియోథెరపీ చేయించుకోండి, కాలికి బలం తిరిగొస్తే బండి తోలుకోవచ్చు, రాకపోతే మాత్రం ఆ మాట మర్చిపోండి అన్నారు. గన్నవరంలో ఉండే మా అమ్మాయి ఆ రోజు నాతో వచ్చింది. ఇంటికి వచ్చే దారిలోనే తేల్చేసింది.

"అమ్మేద్దాం నాన్నా. నీకెందుకిప్పుడు బండి? ఫోను నొక్కితే ఆటో గుమ్మం ముందుకొస్తుంది."

"డాక్టరు గారు చూద్దామన్నారుగా."

"ఆయన చూద్దామన్నది నీ కాలుని. బండిని కాదు."

తాళం తన హ్యాండ్ బ్యాగులో వేసుకుంది. కానీ నాకు ఆ బండి కావాలి. ఎందుకని అప్పుడెవరైనా అడిగి ఉంటే, ఒకరి మీద ఆధారపడకుండా బయటికి వెళ్లడానికి అని చెప్పేవాణ్ణి. అది నిజమే. భార్య పోయాక ఇంట్లో ప్రతిదీ ఎవరినో ఒకరిని అడిగి తెలుసుకోవాల్సి వచ్చింది. పప్పు ఏ డబ్బాలో ఉందో, గ్యాస్ ఎప్పుడు బుక్ చేయాలో, పాలవాడు ఏ ఇంటి పేరుతో రాసుకుంటాడో. ఎవరినీ అడగకుండా నేను చేయగలిగింది బండి తీయడం ఒక్కటే మిగిలింది.

అందుకని ఫిజియోథెరపీకి బుద్ధిగా వెళ్లాను. సూర్యారావుపేటలో ఒక సందులో, మేడ మీద ఉంటుంది ఆ క్లినిక్. కింద మందుల షాపు. మొదటి రోజుల్లో ఆ అమ్మాయి నా ఒరుగుకి కారణం వెతికింది.

"ఏం పని చేసేవారు సార్?"

"కాలేజీలో లైబ్రేరియన్ని."

"అదీ సంగతి! పుస్తకాలు కుడి చేత్తో మోసేవారా?"

మోసేవాణ్ణే. బీరువాల మధ్య పుస్తకాల దొంతర కుడి చంకకి ఆనించుకుని తిరగడం నాకు అలవాటు. ఆ కారణం నాకు నచ్చిందని ఒప్పుకోవాలి. పుస్తకాలు మోసి మోసి ఒరిగిపోయాడంటే వినడానికి గౌరవంగా ఉంటుంది. అంతకుముందు ఇంకో కారణం కూడా విన్నాను. పాత సహోద్యోగులు ఎక్కడ కనబడినా "మేడమ్ గారు పోయాక బాగా కుంగిపోయారండీ, మనిషి నడకే మారిపోయింది" అనేవారు. దానికీ తల ఊపాను. దుఃఖం మనిషిని వంచుతుందని చాలా చోట్ల చదివి ఉన్నాను. ఆ మాట ఒకరోజు ఆ అమ్మాయికి చెప్పాను.

"దిగులుకి ముందుకి వంగుతారు సార్," అంది, నా తుంటిని రెండు చేతులతో నొక్కుతూ. "పక్కకి ఒరగరు. ఇదేదో చాలా ఏళ్ల నుంచీ ఉన్నదే. అమ్మగారు పోకముందు నుంచీ."

నాకు కోపం వచ్చింది. ఆవిడ కోసం నా ఒంట్లో ఏదో మార్పు వచ్చిందనుకుంటే, అదీ కాదంటోంది ఈ పిల్ల.

రెండో తాళం ఇంట్లోనే ఉన్న సంగతి మా అమ్మాయికి గుర్తు లేదు. నాకు ఉంది. ఒకరోజు ఆటో దొరకలేదని నాకు నేనే చెప్పుకుని, ఎండ ఎక్కకముందే బండి తీశాను. నిదానంగానే వెళ్లాను. మందుల షాపు ముందు స్టాండు వేసి, మెట్లెక్కి పైకి వెళ్లేసరికి ఆ అమ్మాయి కిటికీ దగ్గర నిలబడి ఉంది. చీవాట్లు తప్పవనుకున్నాను.

"బండి వద్దన్నారు కదా సార్ డాక్టర్ గారు?"

"ఈ ఒక్కసారికీ అమ్మా."

"అది తర్వాత చూద్దాం. మీ వెనక కూర్చున్నది ఎవరు సార్?"

"ఎవరూ లేరే."

"లేరా?" మళ్లీ కిటికీలోంచి కిందికి చూసింది. "సందు మలుపులో దించేసి వచ్చారేమో అనుకున్నాను. వెనక ఎవరో పక్కకి కూర్చున్నట్టు తోలుతున్నారు మీరు."

నాకు అర్థం కాలేదు. ఆమె ఒక స్టూలు లాగి, దాని మీద రెండు కాళ్లూ ముందుకి పెట్టి కూర్చుంది, తోలేవాళ్లలాగా.

"చీర కట్టుకున్నవాళ్లు వెనక ఒకవైపుకే కూర్చుంటారు కదా సార్? కాళ్లు ఎడమకి వేసి. బరువంతా ఎడమకి లాగుతుంది. బండి పడకుండా ముందున్నవాళ్లు కొంచెం కుడికి జరుగుతారు. ఇలా." ఆమె కుడికి ఒరిగింది. కుడి భుజం కిందికి దిగింది. నడుం కుడి పక్క మడత పడింది. "మా నాన్న కూడా అమ్మ ఎక్కితే ఇంతే. కానీ అమ్మ దిగాక మామూలుగా అయిపోతాడు. మీరు అవ్వలేదు."

ఫోటోలో చూసిన మనిషి నా ఎదురుగా స్టూలు మీద ఉన్నాడు. ఆ మనిషికి పాతికేళ్లు, తలలో మల్లెపూలు, మెడలో క్లినిక్ కార్డు. నేను గోడ పక్కన బల్ల మీద కూర్చుండిపోయాను. ఆమె మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది. ఆ రోజు వ్యాయామాలేవీ చేయించలేదు.

మాది పటమట. నా భార్య కంకిపాడు దగ్గర ఒక బడిలో టీచరు. పెళ్లైన కొత్తలో మోటార్ సైకిల్, తర్వాత గేర్లు లేని స్కూటర్. పొద్దున ఆవిడని బడి దగ్గర దించి, వెనక్కి వచ్చి కాలేజీకి వెళ్లేవాణ్ణి. సాయంత్రం మళ్లీ వెళ్లి తీసుకొచ్చేవాణ్ణి. సెలవుల్లో ఆవిడ పుట్టిల్లు చల్లపల్లి దాకా బండి మీదే. ఎడమ చేత్తో క్యారేజీ సంచి పట్టుకుని, ఒళ్లో దిద్దాల్సిన పరీక్ష పేపర్లు పెట్టుకుని, కుడి చెయ్యి నా కుడి భుజం మీద వేసేది. చీర చక్రంలో పడకుండా సర్దుకున్నాక "ఊఁ" అనేది. అప్పుడు నేను కదిలేవాణ్ణి. గతుకులొస్తే ఆ చెయ్యి భుజాన్ని నొక్కేది. ఇదంతా మేము ఎప్పుడూ మాట్లాడుకున్నది కాదు. ఊపిరి పీల్చడం గురించి ఎవరు మాట్లాడుకుంటారు?

ఇక్కడ నేను జాగ్రత్తగా రాయాలి. ఆవిడ ఇంకా నా వెనకే కూర్చుని ఉందని రాయడం తేలిక. చదివేవాళ్లకి నచ్చుతుంది కూడా. కానీ లేదు. వెనక సీటు ఖాళీ. కుడి పక్క కండరాలు ఏళ్ల తరబడి ముడుచుకుని కురచ అయ్యాయి, ఎడమ పక్కవి సాగిపోయాయి. లైబ్రరీలో పుస్తకాలు కూడా కొంత సాయం చేసి ఉండొచ్చు. ఆ అమ్మాయి కూడా ఒక్క బండి వల్లేనని నేను రాసివ్వలేను సార్ అంది. అంతవరకే తెలుసు. అయినా ఆ సాయంత్రం ఇంట్లో కూర్చుని నా కుడి భుజాన్ని ఎడమ చేత్తో పట్టుకుని చూసుకున్నాను. అది ఎప్పటిలాగే ఉంది. కిందికి.

ఆ రోజు క్లినిక్ నుంచి బయల్దేరేముందు ఆ అమ్మాయిని ఒక మాట అడిగాను.

"సరిచేయకపోతే ఏమవుతుందమ్మా?"

"కాలు ఇంకా మొద్దుబారుతుంది సార్. ఇక బండి కుదరదు."

"సరిచేస్తే?"

"మధ్యకి వస్తారు. అప్పుడు తోలుకోవచ్చు."

బండి కావాలంటే ఆ ఒరుగు పోవాలి. ఒరుగు ఉంచుకుంటే బండి పోతుంది. ఇంత చిన్న లెక్క నాకు ఎందుకు తెగలేదో చెప్పలేను. తర్వాత కొన్నాళ్లు నేను క్లినిక్కి వెళ్లలేదు. ఫోనొస్తే జలుబన్నాను. చివరికి మా అమ్మాయి ఫోన్ చేసింది.

"వెళ్లడం మానేశావంటగా?"

"వెళ్తాలే తల్లీ."

"కాలు తగ్గిందా?"

"లేదు."

"మరి? నొప్పి పెట్టిస్తోందా ఆవిడ? ఇంకోచోటికి వెళ్దామా?"

"కాదు. ఆ అమ్మాయి మంచిదే."

"అయితే విను. సోమవారం నువ్వు వెళ్లకపోతే బండిని ఈసారి నిజంగా అమ్మేస్తాను. నువ్వు బండి మీద వెళ్లిన సంగతి కూడా ఆవిడ చెప్పింది నాకు, రెండో తాళం దాచుకున్నావన్నమాట. చిన్నపిల్లాడివా నువ్వు?"

సోమవారం వెళ్లాను. బండి కోసమే వెళ్లాను. అంతకంటే గొప్ప కారణం లేదు.

ఆ ఫిజియోథెరపీ అమ్మాయి నన్ను నిలువుటద్దం ముందు నిలబెట్టి, ఒక చేత్తో నా భుజాన్ని, ఇంకో చేత్తో తుంటిని పట్టుకుని ఎదురెదురుగా నెట్టేది. "మధ్యకి రండి సార్" అనేది. వచ్చాను అనేవాణ్ణి. "ఇంకా రావాలి" అనేది. నిజంగా మధ్యకి తెచ్చిన క్షణంలో ఎడమకి పడిపోతున్నాననిపించి గోడకున్న కమ్మీ పట్టుకునేవాణ్ణి. అద్దంలో మనిషి కడ్డీలాగా తిన్నగా ఉన్నాడు. కాళ్ల కింద నేల మాత్రం ఎడమకి వాలిపోతోంది. కళ్లకి కనబడేది, ఒంటికి తెలిసేది ఒకదానికొకటి ఇంత అబద్ధమాడుకోవడం నేనెప్పుడూ ఎరగను. చదివి తెలుసుకోగలిగినది కాదు ఇది.

భుజం పట్టేసి చెయ్యి పైకి లేవని ఒక పెద్దావిడ ఇబ్రహీంపట్నం నుంచి వచ్చేది. గోడ మీద వేళ్లు పాకించే వ్యాయామం చేస్తూ అందరినీ ఒక కంట కనిపెట్టేది.

"అన్నయ్య గారూ, ఆ కమ్మీని వదలండి. అదెక్కడికీ పారిపోదు."

"వదిలితే నేను పడిపోతానండీ."

"పడరు. మీరు పడితే ఈ పిల్లకి చెడ్డపేరు, పడనివ్వదు."

నా ఒరుగు కథ ఆవిడకి ఎలాగో తెలిసింది. ఆ చిన్న గదిలో దాచుకోవడానికి ఏమీ లేదు. ఒకరోజు చెయ్యి గోడకి ఆనించి, ముఖం మా వైపు తిప్పి అంది:

"ముందు కూర్చుని తోలినాయనకే ఇట్టా అయితే, వెనక మెలి తిరిగి కూర్చున్నదాని గతేంటమ్మాయ్? కాళ్లేమో అటు, మొహమేమో ఇటు. మా ఆయన బండి దిగితే నాకు నడుం పట్టేసేది. చెప్తే, ఊరికే కూర్చుని రావడమేగా, నువ్వేమన్నా తోలావా అనేవాడు!"

అందరూ నవ్వారు. నేనూ నవ్వబోయాను. నవ్వు సగంలో ఆగింది.

నా భార్యకి నడుం నొప్పి ఉండేది. ఒక పక్కే. సాయంత్రం ఇంటి ముందు బండి దిగాక గేటు పట్టుకుని కాసేపు నిలబడేది. "మీరు తలుపు తీయండి, వస్తున్నా" అనేది. తెల్లారి లేచాక కొంత తగ్గేది. ఇద్దరు ముగ్గురు డాక్టర్లకి చూపించాం. రోజంతా నిలబడి పాఠం చెప్పడం వల్ల అన్నారు ఒకరు. ఎముకల్లో పస లేదు, మాత్రలు వాడమన్నారు ఇంకొకరు. నడుంకి బెల్టు రాశారు. ఆవిడ ఆ బెల్టు బిగించుకుని, నా వెనక అదే సీటు మీద, అదే పక్కకి తిరిగి కూర్చుని బడికి వెళ్లింది, ఉద్యోగం ఉన్నంతకాలం. మీరు బడికి ఎలా వెళ్తారమ్మా అని ఏ డాక్టరూ అడగలేదు. చెప్పాల్సిన సంగతి అని మాకూ తోచలేదు. వండింది, నిలబడింది, మోసింది అన్నీ చెప్పాం. బండెక్కి కూర్చోవడాన్ని ఎవరూ పనిలో కలపలేదు. ఆవిడ కూడా.

గది ఖాళీ అయ్యాక ఆ అమ్మాయిని అడిగాను. "ఆవిడ నొప్పి దీనివల్లేనా?"

"అయి ఉండొచ్చు సార్. చూడకుండా చెప్పలేను."

నాకు ఔనన్నా బాగుండేది, కాదన్నా బాగుండేది. 'అయి ఉండొచ్చు'ని పట్టుకుని ఇంటికొచ్చాను. బీరువాలో ఆ బెల్టు ఇంకా ఉంది. తీసి చూడలేదు.

ఆ తర్వాత మాత్రం వ్యాయామాలు ఒక్కరోజు కూడా మానలేదు. కుడి చెయ్యి తల మీదుగా ఎత్తి ఎడమకి సాగడం, కుడి కాలి మీద ఒంటికాలి నిలకడ, గోడకి తుంటి ఆనించి నెట్టడం. ఎండాకాలం పోయి వానలు పడే వేళకి పిక్కలో తిమ్మిరి బొటనవేలి దాకా జారి, ఆ తర్వాత అక్కడా పోయింది. ఆ అమ్మాయి మళ్లీ ఫోటో తీసింది. భుజాలు దాదాపు ఒకే గీత మీద ఉన్నాయి. ఇంటి చుట్టుపక్కల వరకూ బండి తోలుకోండి అంది. మా అమ్మాయి తాళం తిరిగి ఇచ్చింది, ముఖం మాడ్చుకునే. నేను తోలాను. కుడికి జరగకుండా ఉండటానికి దారంతా నన్ను నేను కాపలా కాసుకున్నాను. ఒంటరిగా తోలుతున్నంతసేపూ ఏదో తప్పు చేస్తున్నట్టే ఉండేది.

ఆవిడ సంవత్సరీకం ముందు రోజు మా అమ్మాయి ఇంటికి వచ్చింది. అల్లుడు చల్లపల్లి నుంచి చుట్టాలని తేవడానికి కారు తీసుకెళ్లాడు. వంటకి వచ్చినావిడ అరటాకులు చాలవంది.

"రైతుబజారుకి బండి మీద పోదాం పద నాన్నా," అంది మా అమ్మాయి. "నువ్వెలా తోలుతున్నావో నేనూ చూస్తాను. పడేశావంటే మాత్రం రేపే బేరం పెడతా."

ఎప్పుడూ చుడీదారులో రెండు పక్కలా కాళ్లు వేసి కూర్చునే పిల్ల. ఆ రోజు చుట్టాలొస్తున్నారని చీర కట్టుకుని ఉంది. పక్కకే కూర్చుంది. బండి ఎడమకి దిగింది. నేను ఏమీ అనుకోకముందే నా నడుం కుడికి జరిగిపోయింది. అంత కాపలా కాసినది, అన్ని నెలలు అద్దం ముందు నిలబడినది, ఒక్క క్షణంలో పోయిందనుకున్నాను.

"పద నాన్నా. ఏంటి అలా ఉండిపోయావ్?"

"పట్టుకున్నావా?"

"పట్టుకున్నా. భుజం ఒరిగిపోతోందేంటి? డాక్టరమ్మకి చెప్పేదా?"

"నువ్వు పక్కకి కూర్చున్నావుగా. తిన్నగా ఉంటే పడతాం."

దారిలో అది ఏదో చెబుతూనే ఉంది. వంటావిడ గురించి, పురోహితుడు ఎన్నింటికి వస్తానన్నాడో, పెరుగు సరిపోదేమోనని. నేను వినలేదు. నాకు భయం పట్టుకుంది. ఈ పిల్ల దిగాక నేను మళ్లీ ఫోటోలో మనిషినై, ఇలాగే కుడికి ఉండిపోతానని. కాలు పోతుంది, బండి పోతుంది. ఉండిపోతే బాగుండునని కూడా అనిపించింది. రెండూ ఒకేసారి అనిపించాయి.

రైతుబజారు గేటు ముందు ఆపాను. "ఇక్కడే ఉండు, ఇప్పుడే వస్తా" అంటూ మా అమ్మాయి దిగింది. బండి తేలికైంది. నేను మధ్యకి వచ్చేశాను.

ఎవరూ రమ్మనలేదు. అద్దం లేదు, చెయ్యి పట్టి నెట్టినవాళ్లు లేరు. పిల్ల కాలు నేలకి తగలడం, నేను తిన్నగా అవడం ఒకేసారి జరిగాయి. మామూలు మనుషులకి జరిగినట్టే. నేను రెండు కాళ్లూ నేలకి ఆనించి అలాగే కూర్చున్నాను. కుడి పాదం కింద ఒక గులకరాయి ఉంది. అది గుచ్చుకోవడం స్పష్టంగా తెలుస్తోంది.

చుట్టూ చూసి, ఎవరూ గమనించడం లేదనుకున్నాక, కావాలని కుడికి ఒరిగి చూశాను. ఎంతవరకు ఒరగాలో తెలియలేదు. కొంచెం జరిగాను, అక్కడ కాదు. ఇంకొంచెం జరిగాను, కాలు తడబడి బ్రేకు పట్టుకున్నాను. ముప్పై ఏళ్లకు పైగా కూర్చున్న చోటు అది. వెతికితే దొరకలేదు.

మా అమ్మాయి అరటాకుల కట్ట చంకలో పెట్టుకుని గేటులోంచి వస్తోంది.